తెగ కథలో మంత్రశక్తి: నొప్పి ఓర్చుకుంటేనే రావాలా?

కొండగాలి: నేను రాస్తున్న ఫాంటసీ నవలలో ఒక కొండతెగ ఉంది. మగపిల్లాడు చీమల పుట్టలో చేయి పెట్టి అరవకుండా నిలబడితే అతనికి మంత్రం పలుకుతుంది. ఆడపిల్ల పెద్దమనిషైతే 11 రోజులు గుహలో ఉండాలి, బయటికొచ్చాక పెళ్లి. ఎలా ఉంది?

పాతమర్రి: బాగుంది. నొప్పి ఉండాల్సిందే. బ్రెజిల్ అమెజాన్ అడవుల్లో సతెరే-మావే తెగవాళ్లు బుల్లెట్ చీమలకు మూలికల నీళ్లతో మత్తెక్కించి, కొండి లోపలికి ఉండేలా ఆకుల తొడుగులో ఒక్కొక్కటే దోపుతారు. వాటికి మెలకువ వచ్చాక కుర్రాడు అందులో చేతులు పెట్టి చిందేస్తాడు. ఒక్కసారితో అయిపోదు, 20 సార్లు. ఊరికే వచ్చిన శక్తికి విలువేముంది?

వేపకొమ్మ: బుల్లెట్ చీమ పుట్ట పెట్టదు. చెట్టు మొదట్లో గూడు కడుతుంది. అది మార్చండి.

పాతమర్రి: గూడైనా పుట్టైనా కుట్టడం కుట్టడమే కదా.

వేపకొమ్మ: కాదు. తప్పు తప్పే.

జొన్నచేను: అందరూ చీమల దగ్గరే ఆగిపోయారు. గుహలో పిల్ల సంగతి ఎవరికీ పట్టలేదు. నన్ను 13వ ఏట మూలన ఈత చాప మీద కూర్చోబెట్టారు. కంచం వేరు, చెంబు వేరు. క్వార్టర్లీ పరీక్షలు పోయాయి. అన్నయ్యకు అదే ఏడు సైకిల్ కొన్నారు.

పాతమర్రి: మీ గోడు వేరు, కథ వేరు. మా వైపు చిమ్మిలి పెట్టి, పాటలు పాడి గౌరవిస్తారు.

జొన్నచేను: గౌరవమైతే ముట్టుకుంటే మైల ఎందుకు మర్రిగారూ? అమెరికాలోని అరిజోనాలో అపాచీ తెగవాళ్లు పెద్దమనిషైన పిల్లకు చేసే సన్‌రైజ్ వేడుక నాలుగు రోజులు జరుగుతుంది. ఆ పిల్ల గంటల తరబడి ఆడుతుంది, నాలుగు దిక్కులకూ పరుగెత్తుతుంది. తల మీద పచ్చటి పుప్పొడి చల్లుతారు. ఆ రోజుల్లో ఆదిమాత శక్తి ఆమెలో ఉంటుందని, జబ్బులు నయం చేస్తుందని నమ్మి దీవెన కోసం జనం వస్తారు. ఓర్పు అక్కడా కావాలి. కానీ పిల్లను దాచిపెట్టరు.

పాతమర్రి: అంటే మేం ఆడపిల్లల్ని ఏడిపించామనా? నిరుడు మా అమ్మాయికి హాలు తీసుకుని, ఫ్లెక్సీ కట్టించి ఘనంగా చేశాం.

జొన్నచేను: పాపను అడిగారా?

పాతమర్రి: అడగలేదు. మా అమ్మ చేయమంది, చేశాం. అన్నీ పిల్లల్ని అడిగే చేస్తే ఆచారం నిలుస్తుందా?

జొన్నచేను: నిలవకపోతే పోనివ్వండి. నా ఫ్లెక్సీ మా వీధి మొగలో నెల రోజులుంది. ఆ నెలంతా నేను చుట్టు తిరిగి బడికి వెళ్లాను.

కొండగాలి: గుహ అధ్యాయం తీసేశాను. కుర్రాణ్ణి కూడా ఎవరూ అడగలేదని ఇప్పుడే గమనించాను. అక్కడి నుంచి మళ్లీ రాస్తాను.