బోరాన్-11లో ఆ రెజొనెన్స్ ఉంటే బెరీలియం-11 లెక్కలు ఎందుకు కలవట్లేదు?

న్యూక్లియర్ ఫిజిక్స్ తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. ఎమ్మెస్సీ సెమినార్‌కి బెరీలియం-11 (బీటా క్షయంతో బోరాన్-11గా మారే అస్థిర ఐసోటోప్) టాపిక్ తీసుకున్నాను, ఒకచోట ఆగిపోయాను.

2019లో కెనడాలోని ట్రయంఫ్ ల్యాబ్‌లో, గ్యాస్ నింపిన టైమ్ ప్రొజెక్షన్ ఛాంబర్‌తో (కణాల జాడలను చూపే డిటెక్టర్), దాని బీటా క్షయం తర్వాత వెలువడే ప్రోటాన్లను నేరుగా చూశారు. పది లక్షల క్షయాల్లో సుమారు 13. అంత ఎక్కువగా రావాలంటే బోరాన్-11లో ప్రోటాన్ థ్రెషోల్డ్‌కి (ప్రోటాన్ విడిపోవడానికి కావాల్సిన కనీస శక్తి, 11.23 ఎంఈవీ) కొంచెం పైన, 11.4 దగ్గర, సన్నని రెజొనెన్స్ (కాసేపే నిలిచే ఉత్తేజిత స్థితి) ఉండాలన్నారు. 2022లో అమెరికాలో రెండు బృందాలు బెరీలియం-10 బీమ్‌తో వెతికితే అది నిజంగానే కనిపించింది! ఇక్కడిదాకా బాగానే ఉంది.

కానీ ప్రోటాన్ పోతే మిగిలేది బెరీలియం-10 కాబట్టి, సెర్న్‌లోని ఐసోల్డే కేంద్రంలో సేకరించిన శాంపిళ్లలో బెరీలియం-10 పరమాణువులను లెక్కించినవాళ్లు 2020లో ఇచ్చిన గరిష్ఠ పరిమితి పది లక్షలకు 2.2 మాత్రమే.

నా డౌట్లు రెండు. రెజొనెన్స్ ఉందని తేలినంత మాత్రాన 13 అనే అంకె సరైనదని చెప్పొచ్చా, లేక ఆల్ఫా వైపు వెడల్పు (ఆ స్థితి ప్రోటాన్‌కి బదులు ఆల్ఫా కణాన్ని వదిలే అవకాశం ఎంతో చెప్పేది) కూడా తెలియాలా? రెండోది, 200 కేఈవీ కూడా లేని ప్రోటాన్‌ జాడను ఆల్ఫా జాడ నుంచి గ్యాస్‌లో ఎంత నమ్మకంగా వేరుచేయగలం? గైడ్‌ని అడిగితే "పేపర్ చదువు" అన్నారు. చదివాకే ఈ టెన్షన్ మొదలైందండీ.