అప్‌డేట్: మప్పెట్స్ మళ్లీ వస్తే ఏ రూపంలో రావాలి?

చేతితో ఆడించే బొమ్మ పాత్రలైన మప్పెట్స్ బృందాన్ని తిరిగి తెస్తే, 1976 నుంచి 1981 వరకు నడిచిన టీవీ కార్యక్రమం ‘ది మప్పెట్ షో’ తరహాలోనే తేవాలా, కాలానికి తగినట్టు మార్చాలా అని ఇంతకుముందు అడిగాను. మీ సమాధానాలు చదివి, పాత భాగాలు మళ్లీ చూశాక నా మొగ్గు పాత షోలోని నాటకశాల తరహా వైపే స్థిరపడింది. వేదికపై అతిథి పాడుతుంటే తెర వెనుక అంతా తారుమారవడం, కప్ప బొమ్మ కెర్మిట్ ఎలాగో ప్రదర్శనను గట్టెక్కించడం, బాల్కనీలోంచి ముసలి ప్రేక్షకుల బొమ్మలు స్టాట్లర్, వాల్డార్ఫ్ దాన్ని ఎద్దేవా చేయడం: ఈ అమరికలోనే వారి హాస్యం పుడుతుంది. 2015లో అమెరికా టీవీ సంస్థ ఏబీసీ ప్రసారం చేసిన ధారావాహిక దాన్ని వదలి, డాక్యుమెంటరీ ధోరణిలో పాత్రల ప్రేమ వ్యవహారాలను, ఆఫీసు చిరాకులను పట్టుకుంది. ఒక్క సీజన్‌తోనే ఆగిపోయింది.

మప్పెట్స్‌ను సృష్టించి, కెర్మిట్‌ను ఆడించి గొంతిచ్చిన జిమ్ హెన్సన్ లేని కెర్మిట్ కెర్మిటే కాదన్న వాదనతో మాత్రం ఏకీభవించలేను. 1990లో ఆయన మరణించాక స్టీవ్ విట్‌మైర్, 2017 నుంచి మాట్ వోగెల్ ఆ పాత్రను నిలబెట్టారు. గొంతులో తేడా ఉంది, నిజమే. అయితే చేయి తలపైకెత్తి, మానిటర్‌లో చూసుకుంటూ, బొమ్మ నోటి కదలికను మాటకు కలిపే ఆ విద్య ఒకరి నుంచి మరొకరికి అందవలసినదే. 2004 నుంచి ఈ పాత్రలు డిస్నీ చేతిలో ఉన్నాయి కనుక, ఆ సంస్థ రచయితలకు ఓపికగా సమయమివ్వాలని, ప్రతి ప్రయత్నాన్నీ ఒక్క సీజన్‌కే ముగించకూడదని మనసారా కోరుకుంటున్నాను.