చోళ్లు (రాగులు) రేషన్ షాపులో అడగాలా, మనమే సంత పెట్టుకోవాలా?

నాగావళి_గట్టు: డ్వాక్రా సంఘాలు, ప్రకృతి సాగు రైతులు, కొన్ని యువజన సంఘాలు కలిసి ఐక్యవేదిక కట్టి రాజాంలో ప్రతి ఆదివారం చిరుధాన్యాల సంత పెడదామంటున్నారు. నేను ఒప్పుకోను. ఆ సామబియ్యం ధరకి కారులో వచ్చేవాళ్లే కొంటారు. కూలికెళ్లే ఇంటికి తిండి రేషన్ షాపు నుంచే రావాలి. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు చోళ్లలాంటి ముతక ధాన్యాలూ ఉన్నాయి, ఆ ముతక ధాన్యాలు అప్పట్లో కిలో రూపాయికి మించకూడదని రాశారు, 2023 నుంచి ఉచితం. వేదిక కట్టేది ఆ హక్కు అడగడానికి కాదా?

చీపురుపల్లి_చిన్నోడు: అడిగితే ఇస్తారే అనుకుందాం, అవి మన మెట్టలో పండినవే అని గ్యారంటీ ఏటి? కర్ణాటక నుంచి లారీల్లో దిగుతాయి. సంతయితే డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది.

మెట్ట_రైతు: ఇద్దరూ పండించేవాడిని వదిలేశారు. 2025-26లో చోళ్లకి మద్దతు ధర క్వింటాకి 4,886 రూపాయలు, సాధారణ రకం వరికి 2,369. చూడ్డానికి రెట్టింపు పైనే, కానీ మా దగ్గర వడ్లు కొనే కేంద్రం ఉంది, చోళ్లు కొనే నాథుడు లేడు, వ్యాపారి చెప్పిందే రేటు. పైగా ఎకరాకి వరి అంత దిగుబడీ రాదు. ఇంకో సంగతి, చోళ్లకి పొట్టు తీసే పని లేదు, పిండిమరకి తీసుకెళ్తే చాలు. సామలు, కొర్రలు అలా కాదు, పొట్టు తీసే మర ఉండాలి. మా చుట్టుపక్కల ఒక్కటీ లేదు, రోట్లో దంచమంటే ఈ రోజుల్లో ఏ ఇంట్లో దంచుతారు (నేనైతే మా ఇంట్లో ఆ మాట ఎత్తను). వేదిక దగ్గర డబ్బుంటే టెంట్లకీ ఫ్లెక్సీలకీ కాదు, ముందు మర పెట్టండి.

చీపురుపల్లి_చిన్నోడు: మర సరే, ఆడించిన సరుకు ఎక్కడ అమ్ముతారు? మళ్లీ సంతకే కదా రావాలి!

బడి_వంటమ్మ: బడుల్లో రాగిజావ 2023 మార్చిలో మొదలైంది కదండీ. ఆ చోళ్లు మండలంలోని సంఘాల దగ్గరే కొనాలని వేదిక పట్టుబట్టొచ్చు. ఎంతమంది పిల్లలో, ఎంత పిండి కావాలో ముందే తెలుస్తుంది. పేదింటి పిల్లలే తాగుతారు కాబట్టి గట్టు గారి మాటా నిలుస్తుంది.

నాగావళి_గట్టు: ఇది బాగుంది. కానీ బిల్లులు నెలల తరబడి ఆగితే?

బడి_వంటమ్మ: అప్పటిదాకా సంఘం పొదుపులోంచి రైతుకి ఇవ్వాలి.

మెట్ట_రైతు: పొదుపు ముట్టుకోమని మా ఊరి సంఘంలో అనండి చూద్దాం, ఆడపిల్లల పెళ్లిళ్లకి దాచుకున్న డబ్బది. అప్పు బ్యాంకు ఇస్తుందో, వేదిక పేరు మీద ఎవరు సంతకం పెడతారో తేల్చండి, తేలేదాకా నా చేలో వరే.