పాత ఎక్స్‌కవేటర్‌లో భారం పడినప్పుడే వచ్చే 157–18 కోడ్: ముందుగా దేన్ని పరీక్షించాలి?

నమస్కారం. నేను ఇటీవల కొన్న, కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నింటికీ అధిక పీడనంతో డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం) డీజిల్ ఇంజిన్ ఉన్న పాత ఎక్స్‌కవేటర్ ఖాళీగా నడిచేటప్పుడు ఏ ఇబ్బందీ పెట్టదు గానీ, నిండు బకెట్‌తో బూమ్ లేపుతూ అదే సమయంలో స్వింగ్ చేస్తే శక్తి తగ్గిపోయి, మానిటర్‌పై ఎస్‌పీఎన్ (లోపం దేనికి సంబంధించిందో చెప్పే సంఖ్య) 157, ఎఫ్‌ఎంఐ (లోపం ఎలాంటిదో చెప్పే సంఖ్య) 18 అని చూపుతోంది. భారీ వాహనాల లోప కోడ్‌లకు వాడే జె1939 ప్రమాణం ప్రకారం మొదటిది రైలులోని ఇంధన పీడనాన్ని, రెండవది అది ఉండవలసిన దానికంటే ఒక మోస్తరుగా తగ్గిందని సూచిస్తాయి. ఎఫ్‌ఎంఐ 3 లేదా 4 (సెన్సార్ వోల్టేజీ మరీ ఎక్కువ లేదా మరీ తక్కువ) వచ్చి ఉంటే సెన్సార్ వైరింగ్‌ను అనుమానించేవాడిని. ఇక్కడ మాత్రం సెన్సార్ నిజమే చెబుతోందని, రైలుకు ఇంధనమే చాలడం లేదని నా అంచనా.

అమ్మే ముందు పాత కోడ్‌లన్నీ చెరిపివేసినట్లున్నారు, కాబట్టి ఈ లోపం ఎప్పటిదో తెలియదు. రెండు డీజిల్ ఫిల్టర్లూ మార్చాను, వాటర్ సెపరేటర్‌లోని నీరు తీశాను, ట్యాంకు లోపలి జాలీ శుభ్రం చేశాను. అయినా మార్పు లేదు.

ఇక లిఫ్ట్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ తెచ్చేది) పీడనం, ఇంజెక్టర్ల నుంచి తిరిగివచ్చే డీజిల్ పరిమాణం, రైలు ప్రెషర్ లిమిటర్ (పీడనం మితిమీరితే తెరుచుకునే వాల్వ్) లీకేజీ, హై ప్రెషర్ పంపు మీటరింగ్ వాల్వ్ (ఆ పంపులోకి వెళ్లే డీజిల్‌ను నియంత్రించేది) మిగిలాయి. వీటిలో దేనితో మొదలుపెట్టాలి? ముఖ్యంగా, లోపం భారంలోనే కనిపిస్తుంది కనుక, హైడ్రాలిక్‌ను రిలీఫ్‌పై ఉంచి (లివర్‌ను చివరిదాకా పట్టి, రిలీఫ్ వాల్వ్ తెరుచుకునేంత భారం ఇంజిన్‌పై వేసి) ఇంజెక్టర్ల డీజిల్ రిటర్న్ కొలిస్తే ఆ ఫలితాన్ని నమ్మవచ్చా? ఇంజిన్ నడుస్తుండగా రైలు పైపు నట్టు వదులు చేసి చూడమని ఒకరు సలహా ఇచ్చారు గానీ, 1000 బార్ దాటే పీడనం దగ్గర ఆ సాహసం చేయను.