అప్‌డేట్: సియాటిల్ నీళ్లకు 'సౌండ్' అని పేరెందుకో తెలిసింది

పోయిన వారం నేనడిగింది ఇదీ: మా అమ్మాయి సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ ఒడ్డున నిలబడి "నాన్నా, ఇక్కడ చప్పుడేం లేదు కదా, సౌండ్ అంటారెందుకు?" అంది. అలల వల్లేమో అన్నాను. అది తప్పు.

మీరు చెప్పినట్టే ఇద్దరం కూర్చుని పెద్ద నిఘంటువు తిరగేశాం. సౌండ్ ఒక్క మాట కాదు. వేర్వేరు చోట్ల పుట్టిన నాలుగు మాటలు ఒకే స్పెల్లింగులోకి వచ్చి చేరాయి. చప్పుడు అనే అర్థం లాటిన్ 'సోనుస్' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. చివరి 'డ్' ఇంగ్లిష్‌లో తర్వాత అంటుకున్నదే. నీళ్ల సౌండ్ మాత్రం స్కాండినేవియా వాళ్ల 'సుండ్', అంటే జలసంధి. డెన్మార్క్, స్వీడన్ మధ్య ఉన్న ఓరెసుండ్‌లోనూ అదే మాట. ఇక్కడి నీళ్లకు 1792లో బ్రిటిష్ నౌకాధికారి జార్జ్ వాంకూవర్ తన లెఫ్టినెంట్ పీటర్ ప్యూజెట్ పేరు పెట్టాడు.

ఓడవాళ్లు తాడుకు సీసపు గుండు కట్టి లోతు చూడటమూ సౌండే. అది ఫ్రెంచి నుంచి వచ్చింది.

నాకు బాగా నచ్చింది నాలుగోది. 'సేఫ్ అండ్ సౌండ్'లో ఉన్నది ఆరోగ్యంగా, దృఢంగా ఉండటం. జర్మన్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లను 'గెజుంట్' అంటారు, దానికి ఇది చుట్టం. మనం డబ్బున్నవాళ్లను 'సౌండ్ పార్టీ' అనడం కూడా ఈ అర్థంలోంచే వచ్చిందనిపిస్తోంది. ఇన్నాళ్లూ పేరు మోగడమే అనుకున్నాను.

ఆదివారం ఒడ్డుకెళ్లి తాడుకు రాయి కట్టి లోతు చూద్దామంటోంది అమ్మాయి. తాడు కొన్నాను. అందరికీ థాంక్స్ అండీ.