పత్తి వల్ల పల్లెలకు వచ్చే రాబడిని ఎలా లెక్కించాలి?

అందరికీ నమస్కారం. దేశ గ్రామీణ ఆర్థిక వ్యవస్థలో పత్తి వాటా మీద ఒక ప్రాజెక్ట్ రాస్తున్నాను. లెక్కల దగ్గర ఇరుక్కుపోయాను, కాస్త దారి చూపండి.

రైతు అమ్మిన పత్తి విలువ వ్యవసాయం ఖాతాలోకి వెళ్తుంది. అదే పత్తి జిన్నింగ్ మిల్లుకు (గింజల నుంచి దూదిని వేరుచేసే చోటు) చేరగానే పరిశ్రమ ఖాతాలోకి పోతుంది. అక్కడ బరువులో సుమారు మూడో వంతే దూది, మిగతాది దాదాపు అంతా గింజలే. ఆ గింజల నుంచి నూనె వస్తుంది, నూనె తీశాక మిగిలే చెక్క పశువుల దాణాకి పోతుంది. ఇవన్నీ కూడితే ఒకే పత్తిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుందేమోనని నా టెన్షన్. ఒక్కో దశలో పెరిగిన విలువను మాత్రమే తీసుకుంటే సరిపోతుందా?

రెండో చిక్కు కూలీ. ఒకసారి నేనూ పత్తి ఏరి చూశాను. ఎండిన కాయ డొప్పల మొనలు గోళ్ల పక్కన గీరుకుని, గంటకే వేళ్లు మండిపోయాయి. పైగా కాయలన్నీ ఒకేసారి పగలవు, అదే చేలో రెండుమూడు విడతలు ఏరాలి. బయటి కూలీల డబ్బు లెక్కకు దొరుకుతుంది. సొంత చేలో ఇంటి ఆడవాళ్లు ఏరిన దానికి కూలీ ఎవరూ రాయరు కదా, దాన్ని ఎలా కట్టాలి? పొయ్యిలోకి వాడుకునే పత్తి కట్టెకి కూడా విలువ వేయాలా, లేక వదిలేయవచ్చా?

ఇలాంటి లెక్క చేసినవాళ్లు ఉంటే, మీరు ఏ పద్ధతి వాడారో చెప్పండి.