మలుపు దగ్గర రెండు గట్లకు రెండు వరద మట్టాలు: నమూనాలో రావడం లేదు

వాగుగట్టు: అందరికీ నమస్కారం. మున్నేరులో కలిసే ఒక వాగు మీద ఎం.టెక్. ప్రాజెక్టు చేస్తున్నాను. 2024 సెప్టెంబరు 1 నాటి వరదను హెక్-రాస్‌లో (నదీ ప్రవాహాలను లెక్కించే సాఫ్ట్‌వేర్) మళ్లీ పారించి చూడాలి. చిక్కంతా ఒక్క మలుపు దగ్గరే. అక్కడ వాగు వెడల్పు 80 మీటర్లు, వంపు వ్యాసార్థం 120 మీటర్లు. బయటి గట్టున గుడి గోడకు మిగిలిన బురద గీత, లోపలి గట్టున పంపుసెట్టు గదికి ఉన్న గీత కన్నా 75 సెంటీమీటర్లు ఎత్తులో ఉంది. వన్‌డీ (వాగు పొడవునా ఒకే దిశలో లెక్కించే) నమూనా మాత్రం రెండు గట్లకూ ఒకే మట్టం ఇస్తోంది. వాగు గరుకుదనాన్ని చెప్పే మ్యానింగ్ ‘ఎన్’ను 0.035 నుంచి 0.05కు పెంచితే గుడి గీత సరిపోయింది గానీ, కిలోమీటరు ఎగువన వంతెన దగ్గర మట్టం 40 సెంటీమీటర్లు ఎక్కువ వస్తోంది. ఎక్కడ తప్పుతున్నాను?

పాతకాపు: ముందుగా ఆ ‘ఎన్’ను వెనక్కి దించండి. అది గరుకుదనానికి పెట్టిన అంకె. వంపు చేసే పనిని దాని నెత్తిన వేస్తే ఎగువనంతా నీళ్లు నిలబెడుతుంది, మీకు జరిగింది అదే. వన్‌డీలో క్రాస్ సెక్షన్ (వాగు అడ్డుకోత) మొత్తానికి ఒకే నీటి మట్టం. ఎన్ని సెక్షన్లు గీసినా ఆ గీత వాలదు.

వంపులో నీరు బయటి గట్టు వైపు ఎగదోసుకుంటుంది. ఎంతో తెలియాలంటే వేగం వర్గాన్ని వెడల్పుతో గుణించి, వ్యాసార్థం, గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగించండి. వేగం సెకనుకు 3 మీటర్లు అనుకుంటే 9 × 80ని 9.81 × 120తో భాగించాలి. దాదాపు 61 సెంటీమీటర్లు. ఇంత బిగువైన మలుపులో ఇది అంచనా మాత్రమే.

మీ 75 మీద నాకు అనుమానం. గుడి గీత ఏ గోడకు ఉంది? ప్రవాహానికి ఎదురుగా ఉన్న గోడకా, వెనక గోడకా?

వాగుగట్టు: ఎదురు గోడకే సార్. తేడా ఉంటుందా?

పాతకాపు: ఎందుకుండదు! గోడకు కొట్టుకున్న నీరు వేగం పోగొట్టుకుని పైకి లేస్తుంది. గుడి దగ్గర వేగం సెకనుకు 2 మీటర్లే అనుకున్నా 20 సెంటీమీటర్లు లేస్తుంది. వెనక వైపు కొలిచి చూడండి. బురద గీత కొలిచేటప్పుడు ఏ వైపు గోడో నోటు పుస్తకంలో రాసుకోకపోవడం మేము కూడా చిన్నప్పుడు చేసిన పొరపాటే.

గోదారిగాలి: టూడీకి (పొడవు, వెడల్పు రెండు దిశల్లోనూ లెక్కించే నమూనాకు) వెళ్లక తప్పదు. ఒక హెచ్చరిక: హెక్-రాస్ టూడీలో మనం మార్చకపోతే ఉండేది డిఫ్యూజన్ వేవ్ అనే సరళ సమీకరణం. అందులో జడత్వపు పదాలు ఉండవు కాబట్టి వంపులో ఎగదోత కనిపించదు. పూర్తి ద్రవ్యవేగ సమీకరణాలకు మార్చుకోండి. రెండు గట్ల వెంట బ్రేక్‌లైన్లు (గళ్ల అంచులు గట్టు మీదే పడేలా చేసే గీతలు) గీయండి. ఎత్తులు ఎక్కడివి? గడికి 30 మీటర్ల ఉపగ్రహ పటమైతే మీ వాగు మూడు గళ్లలో ముగిసిపోతుంది.

వాగుగట్టు: వాగు ఎత్తులు మేమే సర్వే చేశాం. (నాలుగు రోజుల తర్వాత) వెనక గోడ గీత 20 సెంటీమీటర్లు కిందనే ఉంది సార్! అంటే అసలు తేడా 55. సమీకరణం మార్చగానే నీటి మట్టం ఊగిపోయింది. నమూనాలో లెక్కకు పెట్టిన గడి 20 మీటర్లు, కాల అంతరం 30 సెకన్లు.

గోదారిగాలి: 30 సెకన్లలో నీరు 90 మీటర్లు పోతుంది, మీ గడి 20 మీటర్లే, అందుకే ఊగింది. పైగా వెడల్పుకు నాలుగే గళ్లు. గడి 8 మీటర్లు, అంతరం 2 సెకన్లు పెట్టి చూడండి. రాత్రి నడిపించి పడుకోండి.

వాగుగట్టు: తెల్లారేసరికి 50 సెంటీమీటర్ల తేడా వచ్చింది, ‘ఎన్’ 0.035 దగ్గరే! వంతెన దగ్గర కూడా సరిపోయింది. ఇక బయటి గట్టు ఎంత లోతు కోసుకుపోతుందో కూడా ఇందులోనే చూడవచ్చా?

పాతకాపు: అక్కడ ఆగండి. గ్లాసు నీళ్లలో చిటికెడు టీ పొడి వేసి చెంచాతో తిప్పండి. పొడి అంచుకు పోకుండా అడుగున మధ్యకు చేరుతుంది. 1926లో ఐన్‌స్టీన్ నదుల వంపులను ఈ ఉదాహరణతోనే వివరించాడు. వాగులోనూ అంతే. పై నీరు బయటి గట్టుకు, అడుగు నీరు ఇసుకతో సహా లోపలి గట్టుకు మెలికలు తిరుగుతూ వెళ్తాయి. అందుకే అటు కోత, ఇటు మేట. లోతంతటికీ సగటు వేగం తీసుకునే టూడీకి ఈ మెలిక తెలియదు. కోత కావాలంటే త్రీడీ నమూనా గానీ, భౌతిక నమూనా గానీ కావాలి. పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంలో ఈ రెండో రకం కూడా చేస్తారు.

గట్టుకు రాతి కట్టడం ప్రతిపాదిస్తున్నారా? అయితే వంపు నడిమధ్యతో ఆపకండి. కోత ఉరవడి సాధారణంగా మలుపు మధ్య దాటాక, దిగువనే ఎక్కువ.

వాగుగట్టు: అవును సార్. గుడి దాటాక ఒక మామిడి తోట ఉంది, రెండు వరుసల చెట్లు వాగులో కలిసిపోయాయి. మా పటంలో కట్టడం గుడి దగ్గరే ఆగిపోయింది. తోట చివరి దాకా పొడిగిస్తాను.